రెక్కకు ఇస్త్రీ

నేను రాసిన కాగితాలకు జవాబు ఇవ్వకూడదని అందరూ కలిసి ఎక్కడో తీర్మానం చేసుకున్నట్టున్నారు. కంపెనీ క్యాంటీన్‌లో ప్లేట్లు సరిగ్గా కడగడం లేదని మూడుసార్లు రాశాను. నాకంటే వెనక చేరినవాడికి నాకంటే ముందు ప్రమోషన్ ఎట్లా వచ్చిందో చెప్పమని రాశాను. నీళ్ల మోటారు చప్పుడు గురించి, మెట్ల మీద చెప్పుల గురించి మా అపార్ట్‌మెంట్ సంఘానికి రాశాను. అన్నిటి నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. జవాబులు మాత్రం లేవు.

ఒక్క కాగితానికి మాత్రం రెండు రోజుల్లో పని జరిగింది. అది నేను రాయకుండా ఉండాల్సిన కాగితం. దానివల్ల ఒక మనిషికి పని చేసుకునే చోటు పోయింది. నా మాట తప్పు, ఆమె చోటు ఆమెకు ఇవ్వండి అని తర్వాత రాసిన కాగితానికి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

నేను నాచారంలో యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీలో తనిఖీ పని చేసేవాణ్ని. చేతిలో కొలతలు చూసే వెర్నియర్, పక్కన ఎర్ర పెయింటు డబ్బా. కొలత తప్పిన ముక్క మీద ఎర్ర చుక్క పెట్టడం నా ఉద్యోగం. ఇల్లు ఉప్పల్‌లో, మూడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. నాకున్న సరదా ఒక్కటే, రిమోట్‌తో ఎగరేసే విమానాలు. అప్పట్లో పోచారం దగ్గర ఐటీ వాళ్ల భవనాలు ఇంకా లేవలేదు. ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మందిమి అక్కడి ఖాళీ మైదానానికి పోయి ఎగరేసుకుని వచ్చేవాళ్లం.

మిగతావాళ్లు ఎవరి విమానం వాళ్లు కట్టుకునేవాళ్లు. నాకు అంత తీరిక లేక, చాలా రోజులు ఆశపడి, దాదాపు తయారై పెట్టెలో వచ్చే విమానం కొన్నాను. రెక్కలు, తోక, ఒళ్లు అన్నీ విడివిడిగా సిద్ధంగా ఉంటాయి. మనం కలిపి, ఇంజను బిగించుకుంటే చాలు. లోపల బాల్సా అనే తేలికపాటి కట్టెతో పక్కటెముకల్లాంటి కట్టుబడి ఉంటుంది. దాని మీద చర్మంలాగా రంగుల ఫిల్మ్ కప్పి ఉంటుంది. నా దానికి పైన ఎరుపు, కింద తెలుపు. ఆ ఫిల్మ్ పలచటి ప్లాస్టిక్ పొర, లోపలివైపు వేడికి కరిగే జిగురు ఉంటుంది. కొంచెం వేడి తగిలితే కట్టెకు అంటుకుంటుంది. ఇంకొంచెం తగిలితే ముడుచుకుని డప్పు మీది తోలులాగా బిగుసుకుంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. కొన్నప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, అది నిగనిగలాడుతోంది.

వానాకాలంలో తెచ్చుకున్న విమానం మార్చి నెల వచ్చేసరికి వాడిపోయింది. మన ఎండకు లోపలి కట్టె ఆరి కుంచించుకుపోయి, పైన ఫిల్మ్ వదులైంది. కుడి రెక్క పైభాగమంతా ముడతలు. తనిఖీ చేసేవాడి కంటికి ముడత ఎట్లా కనిపిస్తుందో మీకు తెలియదు. రాత్రి పడుకున్నా కళ్ల ముందు అవే. అమ్మిన దుకాణానికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే, “ఎండకాలం సార్, అట్లనే ఉంటది” అని పెట్టేశాడు.

మైదానంలో ఒక పెద్దాయన ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి, హబ్సీగూడలో ఏదో సైన్సు సంస్థలో పనిచేసి రిటైరైనవాడు. మా అందరికంటే బాగా ఎగరేసేవాడు, విమానాల గురించి అన్నీ తెలిసినవాడు. ఆయన నా రెక్కను చేతిలోకి తీసుకుని, “ఏమయ్యా, నీ విమానానికి అప్పుడే అరవై ఏళ్లు నిండినట్టున్నాయే! పింఛను కాగితాలు పెట్టించావా?” అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆయనే, “మా ఇంటికి తీసుకురా. చిన్న ఇస్త్రీ పెట్టె ఉంది. పాత మేజోడు తొడిగి, పైనా కిందా కొంచెం కొంచెంగా వేడి చూపిస్తే సరి. అరగంట పని” అన్నాడు.

నేను పోలేదు. నవ్వినవాళ్ల గడప తొక్కే అలవాటు నాకు లేదు. ఆయన మాటల్లో ‘ఇస్త్రీ పెట్టె’ అనేదొక్కటే పట్టుకుని ఇంటికి వచ్చాను. ‘పైనా కిందా’ అన్న మాటను అక్కడే వదిలేశాను.

మా ఇంట్లో కరెంటు ఇస్త్రీ పెట్టె ఎప్పుడో పాడై అటక ఎక్కింది. గేటు దగ్గర ఇస్త్రీ చేసే ఆమె ఉండగా దాని అవసరమే రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కూ మా కాంపౌండు గోడకూ నడుమ ఉన్న సందులో, పైన నీలం పట్టా కట్టుకుని, నాలుగు చక్రాల బండి మీద ఇస్త్రీ చేసేది. ఊరు జనగామ వైపు. భర్త నాచారంలో లారీలకు లోడింగ్ పని. అపార్ట్‌మెంట్ కట్టినప్పటి నుంచీ ఆమె అక్కడే. మూడంతస్తుల బట్టలు, ఎవరివి ఎవరివో చీటీ లేకుండా చెప్పేది. నా తెల్ల చొక్కాల కాలర్ మీద ఒక్క గీత తేడా వచ్చినా తిప్పి పంపేవాణ్ని. విసుక్కోకుండా మళ్లీ చేసి ఇచ్చేది.

ఆ శనివారం మధ్యాహ్నం రెక్కను చంకన పెట్టుకుని బండి దగ్గరికి పోయాను. ఆమె ఒకసారి రెక్కనూ ఒకసారి నన్నూ చూసింది.

“ఏంది సారూ ఇది? గాలిపటమా?”

“ఇమానం రెక్క. ఈ ముడతలు పోవాలె. జర ఇస్త్రీ జెయ్.”

“అంగీలు, షీరలు జేసిన. పెండ్లికొడుకు తలపాగ గూడ జేసిన. ఇమానానికి జేస్తనని మా ఆయనకు జెప్తె నవ్వుతడు,” అంటూ చెయ్యి కొంగుకు తుడుచుకుని రెక్క మీద వేలితో రాసింది. “ఇది బట్ట గాదు సారూ. మాడితె నన్ననొద్దు మరి.”

“అనను తియ్. నేనుంట గద.”

ఆ మాట నేను అన్నాను. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అన్నాను.

ఆమె బొగ్గుల పెట్టెను ఊపి, బూడిద రాల్చి, దాని మీద వేళ్లతో నీళ్లు చిలకరించింది. చుక్క ఎగిరే చప్పుడును బట్టి వేడి ఎంత ఉందో చెప్పగలదు. “ఎక్కువుంది” అని పెట్టెను పక్కన పెట్టి చాలాసేపు ఆగింది. తర్వాత పాత ధోవతి ముక్క ఒకటి రెక్క మీద పరిచి, బరువంతా తన చేతిలోనే ఉంచుకుని, పెట్టెను ఆనీ ఆననట్టు నడిపించింది. గుడ్డ తీస్తే నా కళ్లు నేనే నమ్మలేదు. ముడతలు పోయాయి. ఎరుపు మళ్లీ నిగనిగలాడింది.

చివరన, రెక్క కొస దగ్గర, రెండు ముడతలు మిగిలాయి. చిటికెన వేలంత ఉంటాయి.

“గవ్వి గూడ తియ్” అన్నాను.

“అవి ఉండనియ్యిండ్రి సారూ. ఇంకింత వేడి వెడ్తె గుంజుకపోతది. పట్టుషీర గిట్లనే గుంజుతది.”

“నేను రోజుకు ఎన్ని ముక్కలు సూస్తనో ఎర్కేనా? నాకు జెప్తవా? గుడ్డ తీసేసి పెట్టు.”

ఆమె పెట్టలేదు. నేను మళ్లీ అన్నాను. గొంతు పెంచి అన్నాను. పక్కన బట్టల కోసం నిలబడ్డ రెండో అంతస్తు ఆవిడ చూస్తుండగా అన్నాను. అప్పుడు ఆమె గుడ్డ తీసి, పెట్టె కొసను ఆ రెండు ముడతల మీద ఆనించింది. ఫిల్మ్ చిటచిటమని బిగుసుకుంది. ముడతలు పోయాయి. రెక్కను బండి మీద బల్లపరుపుగా పెడితే, వెనక అంచు మూల వేలు మందాన పైకి లేచి ఉంది.

“సారూ, గీ మూల లేసింది సూడు” అంది. వెంటనే, “తిర్లేసి కిందిదిక్కు గూడ జేద్దమా? అంగీకి ముంగట జేసి ఎన్క ఇడిసిపెడ్తమా? రెండు దిక్కుల గుంజితె సక్కగైతది” అంది.

కిందివైపు ముడతలు లేవు. లేని తప్పును సరిచేయడం నా వృత్తిలో లేదు. “అవుసరం లేదు” అన్నాను. లేచిన మూలను బొటనవేలితో నొక్కాను. వదలగానే మళ్లీ లేచింది. చూశాను. స్పష్టంగా చూశాను. కంపెనీలో అట్లాంటి ముక్క వస్తే ఎర్ర చుక్క పెట్టి పక్కన పడేసేవాణ్ని. నా ముక్కకు నేను పెట్టుకోలేదు.

మర్నాడు పోచారం మైదానంలో విమానం నేల విడిచింది. మనిషెత్తు లేచిందో లేదో, కుడివైపుకు ఒరిగిపోయింది. రిమోట్ పుల్లను ఎడమకు ఎంత నొక్కినా వినలేదు. కుడి రెక్క నేలకు తగిలి, పల్టీ కొట్టి, ముక్కు రాళ్లలో దిగింది. పెద్దాయన నాకంటే ముందు పోయి రెక్కను ఎత్తి, కంటికి ఎదురుగా పెట్టుకుని చూశాడు.

“ఎంత మెలి తిరిగిందో చూడండిరా! ఎవరయ్యా చేసింది ఈ ఇస్త్రీ?”

ఆయన కోప్పడలేదు. అడిగాడంతే. ఏడెనిమిది ముఖాలు నా వైపు తిరిగాయి. వాటిలో కొన్ని నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయని నాకు అనిపించింది.

“మా గేటు కాడ ఇస్త్రీ జేసే ఆమె” అన్నాను. “వద్దంటె ఇనకుంట కాల్చి పెట్టింది.”

ఎవరూ నవ్వలేదు. ఒకతను “అయ్యో” అని నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలా ఏళ్ల తర్వాత నలుగురు నా పక్షాన ఉన్నారు. అది నాకు బాగుంది. ఇట్లా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ బాగుంది.

బాగున్నందుకే సాయంత్రం కూర్చుని సంఘానికి కాగితం రాశాను. నోటితో అన్నది కాగితం మీద ఉంటే నిజమవుతుందని అనుకున్నానేమో. గేటు పక్కన బొగ్గుల బండి వల్ల పొగ, నిప్పురవ్వలు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ప్రమాదం, విలువైన వస్తువును అజాగ్రత్తగా కాల్చడం అని అంశాలవారీగా రాశాను. నా కాగితాల్లో ఎప్పుడూ ఏదీ వదలను. ఈ కాగితంలో ఒక్క వాక్యం వదిలేశాను. వేడి పెట్టమన్నది నేనే అనే వాక్యం.

మోటారు చప్పుడు మీద నా అర్జీని ఏడాదిన్నర సొరుగులో పెట్టుకున్న కార్యదర్శి ఈ కాగితాన్ని పట్టుకుని మంగళవారం పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. “మంచిగ రాసినవన్నా. కార్లు పెట్టుకునే జాగ కోసం మస్తు దినాల్సంది సూస్తున్నం. ఓనర్లల్ల ఎవరన్న రాసిస్తె బాగుండని మొన్ననే అనుకున్నం” అన్నాడు. మధ్యాహ్నానికి వాచ్‌మన్ బండిని రోడ్డు మీదికి తోసేశాడు.

సాయంత్రం ఆమె మా తలుపు కొట్టింది. మిగిలిపోయిన మా బట్టల మూట ఇవ్వడానికి వచ్చింది. నా భార్య మూట అందుకుంది. ఆమె నా వైపు చూసి ఒక్కటే అడిగింది.

“సారూ, పెట్టుమన్నది మీరే గద?”

నేను అవును అనాలి. అందుకు ఒక్క క్షణం చాలు. “నేను జెప్పంగనే పెడ్తవా? నీకు తెల్వదా?” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. మెట్లు దిగిపోయింది. నా భార్య ఆ మూటను విప్పకుండా కుర్చీ మీద పెట్టి, “మీరే పెట్టుమన్నరా?” అని అడిగింది. నేను పేపరు తీశాను. అటక మీది ఇస్త్రీ పెట్టెను బాగుచేయించి తెచ్చి నా ముందు పెట్టింది నా భార్య. ఆ రోజు నుంచి నా చొక్కాలు నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. కాలర్ ఏనాడూ సరిగ్గా రాలేదు.

కొన్ని నెలల తర్వాత పెద్దాయనే నా ఇంటి ముందు స్కూటర్ ఆపాడు. “రెక్క పారేశావా, ఉందా?” అన్నాడు. ఉంది. విరిగిన కట్టె ఎముకలను అతికించి, మెలి తిరిగిన కొసను నా చేత రెండు చేతులా ఎదురు దిశకు తిప్పి పట్టించి, తన చిన్న పెట్టెతో పైన ఒకసారి, కింద ఒకసారి వేడి చూపించాడు. చేతులు వదిలితే రెక్క చక్కగా నిలబడింది.

“చూశావా? ఒకవైపు లాగితే ఆ వైపుకే వంగుతుంది. రెండో వైపు కూడా అప్పుడే చేయించి ఉంటే నీ విమానం పడేదే కాదు. పాపం ఆవిడకేం తెలుసు, బట్టలు చేసుకునే మనిషి!”

ఆవిడకు తెలుసు. ఆయన చెప్పిన మాటే ఆమె చొక్కా పేరుతో చెప్పింది. ఆ సంగతి అప్పుడు ఆయనకు చెప్పలేకపోయాను. ఆయన చూపిస్తుంటే తల ఊపుతూ కూర్చున్నాను. ఆయన పోయాక ఆ రెక్కను గోడకు ఆనించి పెట్టాను. మళ్లీ ఎగరేయలేదు.

మర్నాడే రెండో కాగితం రాశాను. ఈసారి ఏ వాక్యమూ వదల్లేదు. జవాబు లేదు. కార్యదర్శిని మెట్ల మీద ఆపి అడిగితే, “అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతవన్నా? నీ మర్యాదే పోతది” అన్నాడు. అప్పటికి ఆ సందులో ఆయన కారే ఉంది. ఏడాదికోసారి గుర్తు చేస్తూ రాశాను. కార్యదర్శులు మారారు. కాగితాలు మాత్రం ఒకే సొరుగులోకి పోయాయి.

నాకు ఇంకొకటి కూడా తెలుసు. ఆమె బండి నాచారంలో, చిలకానగర్ లోపలి రోడ్డు వచ్చి కలిసే మలుపు దగ్గర పెట్టుకుందని. మొదటిసారి కంపెనీకి పోతూ చూశాను. పైన పట్టా కూడా లేదు, ఒక గోడ నీడలో నిలబడి ఉంది. ఆ మర్నాటి నుంచి నేను హబ్సీగూడ మీదుగా చుట్టు తిరిగి కంపెనీకి పోవడం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా ఏడేళ్లు అట్లాగే పోయాను. దారి దూరమని ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

మొన్న రాష్ట్రం వచ్చిన వారంలోనే మా సంఘం వాళ్లు గేటు మీది బోర్డు దింపి, తెలంగాణ అని రాయించి, లైట్లు కట్టి మళ్లీ ఎక్కించారు. అంత తొందరగా పని చేయగలిగినవాళ్లు నా కాగితం చదవలేరా అని ఒళ్లు మండింది. ఆ మంటలోనే నాలుగు చొక్కాలు సంచిలో వేసుకుని నాచారం పోయాను.

ఆమె జుట్టు నెరిసింది. నన్ను చూసి, “బట్టలు తెచ్చినవా సారూ?” అంది, నిన్న వచ్చిపోయినవాణ్ని అడిగినట్టు. సంచి ఇచ్చాను. కాలర్లు చూసి, “ఎవలు జేసిన్రివి? గింత అద్దుమానంగ?” అంది. నేనే అన్నాను. ఆమె నవ్వింది. నేను చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పేశాను. “ఆ దినం పెట్టుమన్నది నేనే. నేను అబద్ధం రాసిన.”

ఆమె పెట్టె నడపడం ఆపలేదు. “గది నాకెర్కనే గద సారూ. నాకు జెప్పుడెందుకు?”

“సంఘమోల్లకు జెప్పిన. కాగితం గూడ రాసిన.”

“రాస్తె ఏమొచ్చింది? ఈడ పొద్దుగూకేదాంక ఎండ. కాళ్లు గుంజుతున్నయ్. నా జాగ నాకిప్పిస్తవా? ఇప్పిస్తె ఇప్పియ్యి. లేకుంటె ఊకో. తప్పైంది తప్పైందని నా ముంగట ఏడ్వకు, గిరాకీలు సూస్తరు.”

అడిగి వస్తానన్నాను. చొక్కాలు మడిచి సంచిలో పెట్టి ఇచ్చింది. తర్వాత ఎవరిదో చీర తీసుకుని నీళ్లు చిలకరించింది.

అందుకని సంఘం కార్యదర్శి గారిని, కమిటీ పెద్దలను అచ్చులోనే అడుగుతున్నాను. ఒక అబద్ధపు కాగితాన్ని పట్టుకుని రెండు రోజుల్లో ఒక మనిషిని చోటు ఖాళీ చేయించారు. ఆ కాగితం అబద్ధమని దాన్ని రాసినవాడే సంతకం పెట్టి చెబుతున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బొగ్గులు ప్రమాదమంటే, గేటుకు రెండోవైపు గోడ ఉంది, అక్కడ పెట్టించండి. పట్టా నేను కట్టిస్తాను. కార్ల జాగా పోతుందంటే ఆ మాటే రాయండి. ఇవ్వం అని అయినా రాయండి. కానీ రాయండి. నా మోటారు అర్జీ, నా చెప్పుల అర్జీ చింపేయండి, వాటి గురించి ఇక అడగను. దీనికి మాత్రం ఈ ఆదివారం లోపల జవాబు కావాలి. సోమవారం పొద్దున నేను నాచారం పోవాలి, ఆమె అడుగుతుంది. ఇస్తారా, ఇవ్వరా?